కనుమ ఎక్కడానికి ఎంత బలం కావాలి?

బిలాస్‌పూర్ స్టేషనులో బొగ్గుబళ్ళ చప్పుడు రాత్రింబగళ్ళు వినిపిస్తూనే ఉంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రాకతో పెరిగిన ఈ పట్టణం 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. ఉద్యోగాల వెంట వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో ఇక్కడి రైల్వే కాలనీలలో తరతరాలుగా స్థిరపడ్డాయి.

కట్నీ దారి పట్టిన రైలు మొదట వరిచేల మధ్య సాఫీగా సాగుతుంది. ఖోంగ్‌సరా దాటాక మైకల్ కొండలు, సాలవనాలు చుట్టుముడతాయి. భన్వర్‌టోంక్ కనుమ ఎక్కి, నూరు కిలోమీటర్ల దూరాన ఉన్న పెండ్రా రోడ్డు చేరేసరికి బండి సుమారు 300 మీటర్లు పైకి వచ్చి ఉంటుంది. నర్మద పుట్టిన అమరకంటకానికి వెళ్ళే యాత్రికులు దిగేది అక్కడే.

ఇటువంటి కొండదారిలో ఇంజనుకు ఎంత బలం ఉండాలి? 4,000 టన్నుల గూడ్సుబండిని సమతలం మీద కదిలించి నడపడానికి 10 టన్నుల ఈడ్పు చాలు. 100 మీటర్లకు ఒక మీటరు లేచే వాలు ఎదురైతే మరో 40 టన్నులు కావాలి. ఆ 50 టన్నులను గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఈడ్వడానికి సుమారు 3,700 అశ్వశక్తి అవసరం. డబ్ల్యూఏజీ-9 విద్యుత్ ఇంజనుకు ఆరువేలకు పైగా ఉంది. అయినా ఆ బండి కదలదు!

కారణం పట్టు. 123 టన్నుల ఆ ఇంజను చక్రాలు పట్టాల మీద జారకుండా ఈడ్వగలిగేది 46 టన్నులే. సన్నని తుంపర పడిందా, అదీ తగ్గిపోతుంది. అప్పుడు బలం పెంచితే చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి. అందుకే డ్రైవరు పట్టాలపై ఇసుక వదులుతాడు. బరువైన బండికి వెనకనుంచి మరో ఇంజనును తోడిస్తారు.

బండరాళ్ళ మీద పాకే జీపుదీ ఇదే కథ. టన్నున్నర జీపు 45 డిగ్రీల రాతిని గంటకు 3 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి లెక్కప్రకారం 12 అశ్వశక్తులు చాలు. రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపుకు ఉన్నవి 60. 1985లో వచ్చిన మారుతీ జిప్సీకి 45. ఆ కొద్ది బలాన్ని చిన్న గేర్లు నిదానమైన, బలిష్ఠమైన తిప్పుగా మారుస్తాయి. టైర్లలో గాలి తగ్గిస్తే అవి రాతిని మరింత కరచుకుంటాయి. మితిమీరిన శక్తి టైరును జార్చి, బండిని లోయవైపు నెట్టే ప్రమాదమే ఎక్కువ.

ఒక్క బొగ్గుబండి కనుమలో ఆగిపోతే వెనక వచ్చే రైళ్ళన్నీ ఆగిపోతాయి. బొగ్గుకై ఎదురుచూసే విద్యుత్కేంద్రాలకూ ఆ ఆలస్యం తగులుతుంది. అందుకే వాన పడే రాత్రి ఏటవాలు మీద డ్రైవరు చెయ్యి తొందరపడదు. అశ్వశక్తి వేగాన్నిస్తుంది; కొండ ఎక్కించేది నేలను వదలని చక్రం.