రంగు కంటే ముందు బ్రేకు

మా ఇంట్లో ఒక పాత కారు ఉన్నది. అది 1965 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్. మా ఇద్దరిలో ఎవరి వయస్సు చూచినా ఆ కారు వయస్సే ఎక్కువ. మన దేశం నుండి వచ్చిన చుట్టాలు దానిని చూచి, "కొత్త బండ్లు ఇన్ని ఉండగా ఈ ముసలి బండి మీకెందుకు?" అని అడుగుతూ ఉంటారు. వారికి చెప్పిన జవాబునే మీతో కూడ పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో కాపురముంటున్నాము. మోటారు కార్లకు ఈ రాష్ట్రం పుట్టినిల్లు వంటిది. ఫోర్డు కంపెనీవారు 1964 ఏప్రిల్ 17న మస్టాంగ్‌ను మొదటిసారి ప్రజలకు చూపించారు. ధర 2,368 డాలర్లతో మొదలైంది. మొదటి రోజునే 22,000 ఆర్డర్లు వచ్చినవట. రెండేళ్లు నిండకముందే 10 లక్షల కార్లు తయారైనవి. అంత చౌకగా ఇవ్వగలగడానికి కారణమున్నది. పైరూపం కొత్తదే గాని, లోపలి భాగాలు చాలా వరకు అదే కంపెనీవారి ఫాల్కన్ అనే సాదా కారువి. అందుచేత మామూలు ఉద్యోగస్థులు కూడ దానిని కొనుక్కోగలిగారు. అన్ని లక్షల బండ్లు అమ్ముడుపోయినవి గనుకనే ఈనాటికీ స్పేర్ పార్టులు దొరుకుతున్నవి. తలుపు మొదలుకొని చిన్న రబ్బరు ముక్క వరకు కొత్తగా చేసి అమ్మేవారున్నారు.

డ్రైవరు తలుపు అంచున ఒక చిన్న రేకు ఉంటుంది. దాని మీద అంకెలు చదవడం వస్తే కారు పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయి. మా కారు నంబరు '5 ఎఫ్ 07 టి' అని మొదలవుతుంది. 5 అనగా 1965. ఎఫ్ అనగా మిచిగన్‌లోని డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ. 07 అనగా రెండు తలుపులు, గట్టి పైకప్పు గల బండి. టి అనగా ఆరు సిలిండర్ల ఇంజను. కనుక మాది పందాలకు పరుగెత్తే బండి కాదు, ఒక కుటుంబం బజారుకు వెళ్లి వచ్చే బండి.

మేము దానిని కొనేనాటికి పైకి ఎర్రగా నిగనిగలాడుతూ ఉన్నది. అయితే ఈ కార్లకు ఒక పరీక్ష ఉన్నది. ముందు అద్దం క్రింద, బానెట్ వెనుక, గాలి లోపలికి పోవడానికి సన్నని చీలికలు ఉంటాయి. గాలితో పాటు వాన నీరు, ఎండుటాకులు కూడ అందులోకి దిగుతాయి. ఆకులు కుళ్లి, తడి నిలిచి, లోపలి రేకు తుప్పు పడుతుంది. అది కంటికి కనబడదు. కొళాయి గొట్టంతో ఆ చీలికల మీద నీళ్లు పోసి, డాష్‌బోర్డు క్రింద చేయి పెట్టి చూడాలి. మేము పోసిన నీళ్లు రెండు నిమిషాలకే కాళ్ల దగ్గరికి వచ్చినవి. ఆ మేరకు ధర తగ్గించి అడిగి తీసుకొన్నాము.

ఇంటికి తెచ్చి కార్పెట్టు ఎత్తగా క్రింది రేకుకు చిల్లులు కనిపించినవి. ఎవరో ఒకప్పుడు తారు పూసి, దాని మీద ఒక రేకు ముక్క అతికించి, కార్పెట్టు కప్పివేశారు. మన ఇండ్లలో కారే గోడకు సున్నం కొట్టినట్లే గదా! అద్దం క్రింది భాగాన్ని విప్పాలంటే వెల్డింగు చుక్కలను ఒక్కొక్కటిగా డ్రిల్లుతో తొలచాలి. ఇక్కడి చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పాత రేకుకు అది విషము వంటిది. కనుక ఆ నెలలలో బండిని షెడ్డులోనే ఉంచి పని చేసేవాళ్లము. అలాగున రెండు చలికాలాలు గడిచినవి. పిల్లలు బోల్టులు సీసాలలో వేసి, ఏది ఎక్కడిదో చీటీలు అంటించేవారు. ఆ కాలపు ఇంజన్లు సీసం కలిసిన పెట్రోలుకు తయారైనవి. అమెరికాలో రోడ్డు బండ్లకు అటువంటి పెట్రోలును 1996లో పూర్తిగా నిషేధించారు. అందుచేత వాల్వులు అరిగిపోకుండా గట్టి సీట్లు వేయించాము.

ఇక అసలు విషయము. ఒక సాయంకాలం మా వీధిలోనే నెమ్మదిగా నడిపి చూస్తుండగా బ్రేకు పెడలు నేల వరకు దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగితే బండి ఆగింది. దేవుని దయవలన ఎదురుగా ఎవరూ లేరు. ఒక చక్రం దగ్గర బ్రేకు ఆయిలు కారిపోయింది. 1965 మోడల్‌లో నాలుగు చక్రాలకూ ఒకే ఆయిలు గది. ఒక్కచోట కారితే నాలుగు బ్రేకులూ పోతాయి. 1967 మోడల్ నుండి ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు వేర్వేరు గదులు పెట్టారు. ఒకటి పోయినా రెండవది బండిని ఆపుతుంది.

అప్పుడు మా ఇద్దరి మధ్య పెద్ద చర్చ జరిగింది. ఇక్కడి ప్రదర్శనలలో కొన్ని తరగతులలో, ఫ్యాక్టరీ నుండి ఎలా వచ్చిందో అలాగే ఉన్న బండికే మార్కులు వేస్తారు. రెండేళ్లు కష్టపడినది అందుకే గదా, ఉన్నదానిని బాగుచేసి అలాగే ఉంచుదామని మాలో ఒకరు అన్నారు. వెనుక సీటులో కూర్చునేది మన పిల్లలే గదా అని మరొకరు అన్నారు. రెండు రోజులు ఇంట్లో మాటలు తగ్గినవి. చివరకు ఇద్దరమూ కలిసే రెండు గదుల మాస్టర్ సిలిండరు బిగించాము. నడుముకు మాత్రమే ఉన్న ముందు బెల్టుల స్థానంలో, గట్టి రేకు వెల్డింగు చేయించి, భుజము మీదుగా వచ్చే బెల్టులు కూడ పెట్టించాము.

ఆ వేసవిలో ప్రదర్శనకు వెళ్లాము. బానెట్లు ఎత్తిన కార్లు వరుసగా నిలిచి ఉన్నవి. న్యాయనిర్ణేత అట్ట మీద కాగితం పెట్టుకొని, గొట్టాలకు వేసిన క్లిప్పుల వరకు పరీక్షించారు. మాస్టర్ సిలిండరు దగ్గర, బెల్టుల దగ్గర మార్కులు తగ్గించారు. బహుమతి రాలేదు. పిల్లల ముఖాలు చిన్నబోయినవి. ఆయన కాగితం మడిచిపెట్టి, తన సొంత మస్టాంగ్‌కు కూడ ఇదే మార్పు చేయించానని మెల్లగా చెప్పి వెళ్లిపోయారు.

1995 నుండి దాదాపు ప్రతి ఆగస్టులో డెట్రాయిట్ ప్రాంతపు వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్ల సందడి జరుగుతుంది. అక్కడ మార్కులతో పని లేదు. నడిపించుకొని పోవడమే ప్రదర్శన. మేమందరము బెల్టులు పెట్టుకొని అక్కడికి వెళ్లివస్తున్నాము. మా అమ్మాయికి ఈ మధ్యనే లైసెన్సు వచ్చింది. తాళం అడిగితే భయం లేకుండా ఇవ్వగలుగుతున్నాము. ఆ కారు మాకెందుకని అడిగిన చుట్టాలకు ఇదే మా జవాబు.

మీ ఇంట్లో ట్రాక్టరు ఉండవచ్చు, స్కూటరు ఉండవచ్చు. పండుగకు రంగు వేయించండి, దండ కట్టండి, తప్పు లేదు. కాని రంగువాని దగ్గరకు తీసుకొని పోయేముందు ఒక్కసారి మెకానిక్ చేత బ్రేకులు చూపించండి.