మూడో రింగు

సంక్రాంతికి ఊరెళ్తే గాలపు కర్ర అటక మీద కనిపించింది. రెండేళ్ల క్రితం నాన్న కోసం హైదరాబాద్ నుంచి పట్టుకెళ్లిన ఏడడుగుల స్పిన్నింగ్ రాడ్.

"కాలవకి వెళ్లట్లేదా?" అనడిగా.

"రెండు కొరమీన్లు తెంపుకుపోయాయిరా. చేతిలో పట్టు పోయింది. ఇక నావల్ల కాదులే," అన్నారు పేపర్లోంచి తలెత్తకుండా.

"పెద్దవా?"

"ఏదోలే, చిన్నవే."

నాన్న జీవితమంతా వాడింది వెదురు గెడ. కొసకి తంగూసు కట్టి, నెమలీక బెండు, వానపాము ఎర. దానికి రింగులుండవు, కాబట్టి రింగుల బాధా లేదు. స్పిన్నింగ్ రాడ్ సంగతి వేరు. రీలు నుంచి దారం చుట్టలు చుట్టలుగా వస్తుంది. మొదటి రింగు పెద్దగా ఉండి ఆ చుట్టల్ని పట్టుకుంటే, తర్వాతవి చిన్నవవుతూ పోయి దారాన్ని తిన్నగా కొసకి పంపుతాయి. చేప లాగినప్పుడు ఆ బరువుని కర్ర పొడుగునా పంచేదీ ఇవే. ఎన్నడుగుల కర్రయితే అన్ని రింగులు, పైన ఇంకొకటి అని ఒక మోటు లెక్క ఉంది.

ఆ రాత్రి దూదిపుల్ల తీసుకుని ఒక్కో రింగు లోపలా తిప్పి చూశా. మొదటి రెండూ నున్నగా ఉన్నాయి. మూడోదాంట్లో దూదిపోగు చిక్కుకుంది. పింగాణీ లాంటి లోపలి చుట్టులో వెంట్రుకంత పగులు. కంటికి కనపడదు గానీ, బరువు పడిన ప్రతిసారీ దారాన్ని కోసేస్తుంది.

చెప్పడానికి నోరు రాలేదు. చవగ్గా వస్తోందని ఆ రాడ్ కొన్నది నేనే. ఆయనేమో తన చేతుల్ని తప్పుపట్టుకుని కూర్చున్నారు.

కొత్త రింగు ఎంచుకోవడానికి వారం పట్టింది. వట్టి స్టీలుది పగలదు, కానీ లోహం మెత్తనిదైతే అల్లిక దారం రాసుకుని రాసుకుని గాడి పడుతుంది. సిలికాన్ కార్బైడ్ బాగా గట్టిది, నున్ననిది, రాపిడి వేడిని త్వరగా లాగేస్తుంది. ఖరీదు కూడా ఎక్కువే. తప్పు చేసినవాడి మనసు ఖరీదైనదాని వైపే లాగుతుంది. కానీ మా కాలవ కొరమీను వంద గజాలు దారం లాక్కుపోయే చేప కాదు, పక్కనున్న గుర్రపుడెక్కలోకి దూరే చేప. దానికి అల్యూమినియం ఆక్సైడ్ చాలు. పాతదాని సైజు, అదే ఎత్తు, కర్రకి బరువు పెరగకుండా.

శివరాత్రికి మళ్లీ వెళ్లా. కర్రకి గాటు పడకుండా, రింగు పాదం మీదే బ్లేడు పెట్టి పాత దారం కోసి విప్పా. కొత్త రింగుని మిగతావాటి వరసలో నిలబెట్టి, దారం చుట్టి, ఎపాక్సీ పూశా. అది గట్టిపడేదాకా కర్రని తిప్పుతూనే ఉండాలి, లేకపోతే ఒకవైపు కారి గడ్డకడుతుంది.

"ఎలాగూ జాగారమే కదా, ఇలా ఇవ్వు," అని నాన్న తీసుకున్నారు.

అప్పుడు చెప్పా, దూదిపుల్ల సంగతి.

ఆయనేమీ అనలేదు. కర్రని మాత్రం ఒకే తీరుగా తిప్పుతూ కూర్చున్నారు, దాదాపు మూడు గంటలు. తెల్లారాక వెలుగులో పెట్టి చూస్తే పూత ఎక్కడా కారలేదు.

"ఆ రెండోది," అన్నారు, "మూడు కేజీలకి తగ్గదురా."