డిస్నీ లోకములో భోజనశాలలు

అమెరికాలో కొడుకో కూతురో మరిదియో మేనల్లుడో లేని వీధి మన జిల్లాలలో నేడు కనబడుట కష్టము. అట్టివారిని చూడబోయిన పెద్దలకు పిల్లలు తప్పక చూపు వింతలు రెండు మూడు గలవు. ఉత్తరమున నయాగరా జలపాతము. దక్షిణమున, ఫ్లారిడా రాష్ట్రమందు ఆర్లాండో నగరమునకు చేరువనున్న డిస్నీ వారి విహారభూమి. ఆ విహారభూమిలోని బొమ్మలను గూర్చియు, బాణసంచాను గూర్చియు చెప్పువారు పెక్కుమంది. అన్నమును గూర్చి చెప్పువారు అరుదు. ముసలివారిని, పిల్లలను వెంటనిడుకొని అచ్చట దినమెల్ల తిరుగవలసిన ఇల్లాలికి ముందుగా తెలియవలసినది అదియే గనుక సోదరీమణుల కుపయోగపడునని వ్రాయుచున్నాను.

మా మరిది టాంపా నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. అచ్చటినుండి ఈ స్థలము సుమారు 70 మైళ్లు. బడులకు వేసవి సెలవు లిచ్చిన పిమ్మట మావారు, నేను, అత్తగారు, మా పిల్ల లిద్దరు వెళ్ళితిమి. మరిదియు తోడికోడలును గలసి మొత్తము ఏడుగురము. అత్తగారు చిన్ననాటినుండి మాంసము గాని, గ్రుడ్డు గాని ముట్టినవారు కారు. ఇంతమందిలో ఆమె యొక్కరి భోజనమే మా ప్రయాణమున కంతటికి పరీక్షయైనది.

ఆ దేశమున కొన్ని భోజనశాలలను ఆకలి తీర్చుటకే గాక ఒక కథను నటించుటకు గూడ కట్టుదురు. గోడలు, దీపములు, పాత్రలు, వడ్డించువారి దుస్తులు, తుదకు వారి పలుకులు కూడ ఆ కథలోనివే. వానిని నేను వేషపు భోజనశాల లనెదను. అవి విహారభూమి ప్రాకారము లోపలను గలవు, వెలుపలను గలవు. రెంటికిని భేద మేర్పడుటకు ఒక పూర్వకథ గలదు.

వాల్ట్ డిస్నీ మొదటి విహారవనమును 1955లో పడమటి తీరమున కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో నెలకొల్పెను. అది సుమారు 160 ఎకరముల స్థలము. అది తెరచినదే తడవుగా దాని చుట్టును ఇతరుల సత్రములు, తిండి యంగళ్లు పుట్టగొడుగులవలె మొలచినవి. లోపల నాతడు కట్టిన కలకు, గోడ దాటిన వెంటనే కంటబడు బజారునకు పొందిక లేకపోయెను. అందుచే ఫ్లారిడాలో 27 వేల యెకరములకు పైగా భూమిని, కొనువా డెవడో తెలియకుండ వేఱు పేర్లతో, కొద్దికొద్దిగా కొనిపించెను. పని పూర్తిగాకయే 1966లో నాతడు గతించెను. విహారభూమి 1971 అక్టోబరు 1వ తేదీన తెరవబడినది. నేడందు నాలుగు వనములు గలవు. ఒక్కొక్కదానికి టికెట్టు గొని ప్రవేశింపవలెను. వనముల నడుమ ఆ సంస్థవారివే హోటళ్లు, బజారులు గలవు. వానికి టికెట్టు లేదు. ఆ సరిహద్దు దాటినచో కిసిమ్మీ ఊరి మీదుగా పోవు 192వ సంఖ్య గల రాజమార్గము, దాని కిరుప్రక్కల ఎవరి వ్యాపారము వారిదియునైన భోజనశాలలు. కావున లోపల, నడుమ, వెలుపల అని మూడు తావులున్నవని పాఠకురాండ్రు గుర్తింపవలెను.

ముందు లోపలి సంగతి. ఎప్కాట్ అను వనములో మెక్సికో దేశమునకై ఒక గోపురము వంటి కట్టడము నిర్మించిరి. మిట్టమధ్యాహ్నము ఫ్లారిడా యెండలో మాడి దాని లోపలికి బోయితిమి. లోపల రాత్రి! నీలపు ఆకసము, దీపములు వెలుగు చిన్న అంగడివీధి, దూరమున పొగ గ్రక్కు కొండ, దాని ముందు చీకటి నీటిలో మెల్లగా పోవు పడవలు. ఆ నీటి యొడ్డుననే భోజనపు బల్లలు. దానిపేరు శాన్ ఆంహెల్ ఇన్. మెక్సికో నగరములో ప్రసిద్ధికెక్కిన పాత భోజనశాల పేరే దీనికిని పెట్టిరి. నేలను నీరనియు నీటిని నేలయనియు భ్రమించిన సుయోధనుడు నాకు జ్ఞప్తికి వచ్చెను. మయసభలో నతనికి భోజనము పెట్టినవారు లేరు గాని, పెట్టియుండినచో నవ్వులపాలైన బాధ కొంత మఱచియుండునేమో! మెక్సికో వంట మన నాలుకకు దూరమైనది కాదు. మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజల ముద్ద, టమాటాయు పచ్చిమిరపయు కలిపి నూరిన పచ్చడి ఆ దేశపు నిత్యాహారము. అయితే ఆ దేశస్థులు చిక్కుడు గింజలను పందికొవ్వుతో వేచుట కలదు గనుక, ఎచ్చట తిన్నను అడిగి తెలిసికొనకుండ ముట్టరాదు.

హాలీవుడ్ స్టూడియోస్ అను వనములో సై-ఫై డైన్-ఇన్ అను నది మఱియొక వింత. వెనుక 1950 ప్రాంతముల అమెరికనులు ఆరుబయట కార్లలో కూర్చుండియే సినిమాలు చూచెడివారు. ఆ ముచ్చట తీర్చుటకై ఇచ్చట బల్లలనే పాత కార్ల యాకారమున చేసి, అన్నిటిని తెరవైపునకు త్రిప్పి వరుసలుగా నిలిపిరి. పైన నక్షత్రములు, ఎదుట రాక్షసులు, ఆకాశనౌకలు గల పాత సినిమాల తునుకలు. పిల్లల సంతోషమునకు మేర లేదు. ఇల్లాలి కన్నుతో చూచినచో ఇందొక చిక్కు గలదు. కారులో ముందొకరు, వెనుక నొకరు గదా, కావున ఒకే కుటుంబమువారు ఒకరి ముఖము నొకరు చూడజాలరు. మన పంక్తిలో మాత్రము ఎదురెదురుగా కూర్చుందుమా యని మావారు వాదించిరి. నిజమే. కాని మన పంక్తిలో వడ్డించు ఇల్లాలు ప్రతి విస్తరి ముందును వంగి, ఎవరికేమి తక్కువయైనదో ముఖము చూచి కనిపెట్టును. ఇచ్చట నేను వెనుక సీటులో నుండి అత్తగారి ముడిని మాత్రమే చూడగల్గితిని. ఆమె తిన్నదో లేదో వంగి వంగి చూడవలసి వచ్చెను.

అదే ఎప్కాట్‌లో జర్మనులకై కట్టిన బీర్‌గార్టెన్‌లో పొడుగాటి బల్లలకడ ఎఱుగని కుటుంబములను గూడ ఒక్కచోట కూర్చుండబెట్టుదురు. వాద్యములు మ్రోగుచుండును, ఎవరికి కావలసినది వారు పోయి తెచ్చుకొనవలెను. సందడి బాగు. కాని తిండి మిక్కిలిగా మాంసమయము, వెల తల కింత. పిడికెడు తిను ముసలమ్మకును, కండలు గల యువకునకును ఒకే వెల! తల లెక్కను వసూలు చేయు భోజనశాలలకు వృద్ధులను దీసికొని పోవు సోదరీమణులు ఈ సంగతి మఱవరాదు. పిల్లలకు పదియేండ్లు నిండినచో డిస్నీవారి లెక్కలో పెద్దవారే. మా పెద్దవాడు ఈ గౌరవమునకు మిగుల పొంగిపోయెను. వాని తండ్రి పొంగలేదు.

వెలల మాట వచ్చినది గనుక చెప్పెదను. వనములోనికి టికెట్టే పెద్దవారికి దినమునకు 100 డాలర్లకు పైబడును. పిమ్మట పట్టికలో వ్రాసిన వెల వెల కాదు. దానిపై నూటికి 6.5 వంతున పన్ను. ఆపై వడ్డించినవారికి నూటికి 18 మొదలు 20 వఱకు బహుమానము. ఆరుగురు గాని అంతకు మించి గాని యున్నచో ఆ బహుమానమును వారే లెక్కలో చేర్చుదురు గనుక, మరల వేఱుగా ఇచ్చుటకు ముందు రసీదు చదువవలెను. అచ్చట వచ్చువారిని అతిథు లనియు, పనివారిని నటులనియు పిలుచుట ఆ సంస్థ సంప్రదాయము. డబ్బు పుచ్చుకొని అతిథి యనుట మన ధర్మశాస్త్రమున కెక్కదు గాని, ఆ పిలుపులోని మర్యాద పనివారి నడవడిలో కనబడినదని ఒప్పుకొనవలెను. పట్టికలో చిన్న ఆకు గుర్తు గల వంటకములలో మాంసమే గాక పాలు, గ్రుడ్లు, తేనె కూడ నుండవు. ఊరక శాకాహార మన్నచో అచ్చట గ్రుడ్డు కలిసియుండ వచ్చును. అత్తగారి కా ఆకు గుర్తు చూపిన దినము మొదలు ఆమెయే పట్టిక నడిగి తీసికొని, అక్షరములు రాకున్నను ఆకులు వెదకసాగిరి.

ఇంకొక సంగతి చాలమందికి తెలియదు. ఇంటినుండి తిండి తెచ్చుకొనుటను ఆ వనములలో నిషేధింపరు. గాజు పాత్రలు, మద్యము మాత్రము కూడదు. చిన్న తిండి యంగళ్లలో అడిగినచో మంచు నీరు గ్లాసుతో ఊరక యిత్తురు. మేము రెండవ దినమున పులిహోరయు, పెరుగన్నమును కట్టుకొని పోతిమి. “ఇంత సొమ్ము పోసి లోపలికి వచ్చి, బెంచీమీద మూట విప్పుటయా, అమ్మా?” యని మరిది చిన్నబోయెను. “టికెట్టు చూచుటకు గొంటివి గాని తినుటకు గొన్నావా, నాయనా? నీ అన్న నెలంతయు బడిలో నిలువుకాళ్లపై నిలిచి తెచ్చునది ఇచ్చట రెండు పూటల కూడు గాదు” అని ఆమె యనిరి. కొంతసేపు ఎవరును మాటాడలేదు. అటుపిమ్మట మొదట చేయి చాచి పులిహోర పెట్టించుకొన్నవాడు మరిదియే.

ఇక వెలుపలికి వత్తము. టికెట్టు లేని డిస్నీ స్ప్రింగ్స్ బజారులో టీ-రెక్స్ కెఫే కలదు. అందు యంత్రములచే కదలు బ్రహ్మాండమైన పూర్వయుగపు బల్లులు తలలూపి గర్జించుచుండును. నడుమనడుమ ఉల్కాపాతమును నటింతురు. ఇది బజారు సరకు. శాన్ ఆంహెల్‌లో చీకటి మనలను మెల్లగా తనలోనికి దీసికొనును. ఇచ్చట గర్జన మన మాటను త్రుంచి తనవైపు చూడుమనును. పసిపిల్లలు గల తల్లులు ముందు బయటినుండి తొంగిచూచి, బిడ్డ బెదరనిచో లోనికి పోవుట మేలు.

192వ మార్గముమీద మెడీవల్ టైమ్స్ అను కోట గలదు, 1983లో కట్టినది. మధ్యయుగపు యూరపు రాజుల కొలువు దాని కథ. మధ్యను ఇసుక పఱచిన రంగస్థలము, చుట్టును మెట్లుమెట్లుగా బల్లలు. ఒక్కొక్క వరుసవారి కొక్కొక రంగు; ఆ రంగు కాగితపు కిరీటము మనకు బెట్టి, ఆ రంగు వీరుని పక్షమున కేకలు వేయు మందురు. వీరులు నిజమైన గుఱ్ఱములపై ఈటెలతో పోరుదురు. ఏండ్ల తరబడి ఈ కొలువున రాజే ఏలుచుండగా, 2018 నాటికి రాజును దింపి రాణిని సింహాసన మెక్కించిరి. మా తోడికోడ లీ సంగతి చెప్పి నవ్వగా మావారు కిరీటము సవరించుకొనిరి.

ఇచ్చటి ముఖ్యవిశేష మేమనగా, అప్పటి యాచారమని చెప్పి చెంచాలు, ముండ్లు ఇయ్యరు. వచ్చినవారందఱును చేతితోనే తినవలెను. పంక్తిలోవలె అందఱికి ఒకేమారు ఒకే వంటకములు వచ్చును: కోడి, మొక్కజొన్న కండె, ఉర్లగడ్డ, రొట్టె, చారు వంటి పానీయము. శాకాహారులకు వేఱుగా పెట్టుదురు. కోడి పళ్లెముల నడుమ కూర్చుండుటకు అత్తగారు సమ్మతింతురో లేదో యని నేను భయపడితిని. “నా విస్తరి నేను చూచుకొందును, పక్కవారి విస్తరి నాకేల?” యని ఆమె కూర్చుండిరి. టాంపాలోను, ఆర్లాండోలోను పదిదినములుగా ముండ్లతో కుస్తీపట్టి, నలుగురిలో అన్నము చిందునని సగము ఆకలితో లేచిన మనిషి ఆ పూట వ్రేళ్ల కొనలతో నెమ్మదిగా, ఒక్క మెతుకు జారకుండ భుజించిరి. మా ప్రక్కన ఒక అమెరికను తల్లియు ఇద్దరు పిల్లలును మోచేతుల దాక పులుసు పూసికొని తిప్పలు పడుచుండిరి. ఆ తల్లి కొంతసేపు చూచి, వ్రేళ్లు మడచు విధము చూపుమని సైగతో అడిగెను. అత్తగారు బొటనవ్రేలు కదలించి చూపిరి. గుఱ్ఱములను, వీరులను నేను సరిగ చూడలేదు. చూచితి నని పిల్లలతో చెప్పితిని.

వెలుపలి శాలలన్నియు నిట్లే యనుకొనరాదు. అదే త్రోవలో మఱియొక చోట, పేరు చెప్పను, శాకాహారము సిద్ధమని టికెట్టిచ్చి, తీరా కూర్చున్న పిమ్మట పచ్చియాకులు కోసి పెట్టిరి. వెలుపల వెల తక్కువయే గాని పూచీయు తక్కువ. ఫోనులో అడిగి, ఏమేమి పెట్టుదురో పేరుపేరున చెప్పించుకొనవలెను. వేషములతో పని లేనివారికి ఇడ్లీయు దోసెయు దొరకు భారతీయుల భోజనశాలలు ఆర్లాండోలో గలవు.

నడిమి తావును గూర్చి చెప్పి ముగించెదను. డిస్నీవారి యానిమల్ కింగ్‌డమ్ లాడ్జి అను హోటలులో సనా అను భోజనశాల కలదు. దానికి వనపు టికెట్టు అక్కఱ లేదు. ఆఫ్రికా వంటకు మన దేశపు దినుసులు చేర్చి వండుట వీరి పద్ధతి. నాను మొదలగు రొట్టెలును, వానితో నంజుకొన తొమ్మిది విధముల పచ్చళ్లును ఒక్క పళ్లెముగా దెత్తురు. చింతపండు, కొత్తిమీర, మామిడి, వెల్లుల్లి ఊరగాయ, దోసకాయ పెరుగుపచ్చడి అందు గలవు. తలకొక పళ్లె మక్కఱలేదు. రెండు తెప్పించి ఏడుగురమును పంచుకొంటిమి. పెద్ద కిటికీల కవతల పచ్చికబయలు, అందు జిరాఫీలు, చారల గుఱ్ఱములు మేయుచుండును. ఇచ్చట గర్జించు యంత్రము లేదు, కేక వేయుమనువారు లేరు. వేషము కిటికీకి అవతలనే యుండును. ముఖములు చూచుకొనుచు మాటాడుకొంటిమి. అత్తగారు తొమ్మిదింటిలో చింతపండు పచ్చడినే తమదిగా నిర్ణయించి, వెల్లుల్లి ఊరగాయను మరిది వైపునకు త్రోసిరి.

డిస్నీవారి భోజనశాలలలో చోటు 60 దినములకు ముందు నుండియే నిలుపుకొన వచ్చును. సనాకు పోదలచినవారు ఆనాటి సూర్యాస్తమయ మెప్పుడో చూచుకొని, దానికి గంటన్నర ముందు చోటడుగవలెను. చీకటి పడినచో జిరాఫీలు కానరావు. అద్దములో మన ముఖములే కనబడును.