దాగలి కొనబోయిన ప్రయాణము

తీర్థయాత్రలను గూర్చియు, కోటలను గూర్చియు మన పత్రికలో తరచు చదువుచున్నాము. ఈ మారు మేము వ్రాయబోవు ప్రయాణము అట్టిది కాదు. ఒక యినుప దాగలిని కొనుటకై పట్టణమునకు పోయి, దానిని మా యూరికి చేర్చి, మరల పనిలోనికి తెచ్చిన వృత్తాంత మిది. ఇందు స్త్రీలకేమి పని యని తలచెదరేమో! వంటయింటి కత్తిపీట మొదలుకొని పొలములోని కొడవలి వరకు మన చేతులలో నాడు పనిముట్లు దాగలి మీద రూపొందినవే గదా.

మా గ్రామము నిజామాబాదు జిల్లాలో, ఆర్మూరునుండి మెట్‌పల్లికి పోవు బాటకు కొంచెము లోపల నున్నది. ఊరి నడుమ వేపచెట్టు క్రింద నొక కొలిమి యుండెడిది. నాగటి కర్రులు, గొడ్డళ్లు, పారలు, కొడవళ్లు అన్నియు నచటనే తయారగుచుండెను. పంట యింటికి వచ్చినపుడు రైతులు కమ్మరికి మేరగా ధాన్యము కొలిచి యిచ్చెడివారు. ట్రాక్టరులు వచ్చిన పిమ్మట నాగళ్లు మూలబడెను, మేరయు తగ్గెను. కమ్మరి జబ్బుపడి మంచము పట్టినపుడు, ఆ యింటివారు మందుల ఖర్చునకై దాగలిని పాత యినుము కొనువానికి తూకమునకు అమ్మివేసిరి. ఆయన పోయినాడు. కొలిమి గుంటలో తుమ్మమొక్క మొలచినది.

కుమారుడు మా జిల్లాలోని అనేకులవలెనే గల్ఫు దేశమునకు పోయి, వెల్డింగు పని నేర్చి, ఆరేండ్లకు తిరిగి వచ్చెను. అతడు మా వారి యొద్ద చదువుకొన్నవాడు. ఒకనాడు మా యింటికి వచ్చి, "సారూ, మిషను కొన్న గాని దాగలి లేదు. పోత యినుము దిమ్మె మీద కొడితే దాని అంచులే పలుగుతున్నయి. మీరు పట్నం పోయినప్పుడు పాతది దొరుకుతదేమో చూడుండ్రి" అని అయిదువేల రూపాయలు మా వారి చేతిలో పెట్టెను. తక్కువ పడినది నెలనెల తీర్చెద ననెను. ఆ తక్కువ పడు సొమ్ము, మా పెంకుటింటి కప్పు బాగుచేయించుటకు మేము దాచుకొన్న దానిలోనుండియే రావలెను. వానకాలము దగ్గరపడుచుండెను. మేమొక నిశ్చయమునకు వచ్చులోపల మా యింట రెండు దినములు మాటలు కొరవడినవని దాచకుండ చెప్పుచున్నాము.

తుదకు మే మొప్పుకొనుటకు బాలుని మీది జాలి యొకటియే కారణము కాదు. చిన్ననాడు మా తండ్రిగారు గీత పాఠము చెప్పుచు కూటస్థ శబ్దము వచ్చినపుడు, కూట మనగా కమ్మరి దాగలి యనియు, దానిమీద నెన్ని లోహములు ఎన్ని రూపములు దాల్చినను తాను మాత్రము మారక నిలుచుననియు, అట్లు నిర్వికారముగా నుండునది కూటస్థ మనియు చెప్పియుండిరి. ఆ యర్థము నోటికి వచ్చినది గాని, దాగలి నెన్నడును దగ్గరగా చూచి యెరుగము. కొలిమి యొద్దకు పోవుట మా యింటి ఆడపిల్లలకు పద్ధతి కాదు. ఆ కొరత యిన్నాళ్లకు తీరునేమో యను నాస కూడ మాకు కలిగెను.

హైదరాబాదులో మూసీనది మీద 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున కట్టిన పురానాపూలు కలదు. దాని చేరువనే ప్రతి గురువారము పాత వస్తువుల సంత సాగును. ఉర్దూలో జుమేరాత్ అనగా గురువారము గనుక దానికి జుమ్మేరాతు బజారని పేరు. మేము తెల్లవారు జామున ఆర్మూరులో బస్సెక్కి, కామారెడ్డి, రామాయంపేట, తూప్రాను మీదుగా పోయి, ప్రొద్దెక్కిన పిమ్మట అచటికి చేరితిమి. తాళముచెవి పోయిన తాళములు, తాళము పోయిన తాళపుచెవులు, కుట్టుమిషనుల తలలు, ఇత్తడి చెంబులు, తలుపుల గొళ్లెములు, నడువని గడియారములు నేల మీద గుడ్డలు పరచి పోసియున్నవి. ఎవరి యింటిలోనో ముద్దుగా వాడుకొన్న కుంకుమ భరిణె యొకటి నట్లు బోల్టుల నడుమ కనబడినపుడు మనస్సు చివుక్కుమనెను.

పాత యినుము దుకాణములలో మూడింటిలో దాగలి లేదనిరి. నాలుగవ చోట విరిగిన తిరుగలి రాళ్ల వెనుక నది కనబడెను. మన పల్లెల దాగలి సాధారణముగా నాలుగు పలకల దిమ్మె. దుంగలో దిగగొట్టి వాడుదురు. ఇది సీమ దాగలి. ఒక కొన ఎద్దుకొమ్మువలె మొనదేలి యున్నది; వంపు తిరిగిన వస్తువులను దానిమీద సాగగొట్టుదురట. రెండవ కొన చదరముగా నుండి, పనిముట్లు నిలుపుటకు ఒక చదరపు రంధ్రమును, ఒక గుండ్రని రంధ్రమును కలిగియున్నది. ఒడలంతయు త్రుప్పు. చేసినవారి పేరు చెరిగిపోయినది గాని, ప్రక్కన 1, 1, 10 అను మూడంకెలు మాత్రము వ్రేలికి తగిలినవి.

మా వారు లెక్కల మాస్టరగుట ఇచట నక్కరకు వచ్చెను. సీమ దాగళ్ల మీద బరువును ఆంగ్లేయుల పాత కొలతలో చెక్కెడివారు. మొదటి యంకె హండ్రెడ్‌వెయిట్లు, అనగా 112 పౌనులవి. రెండవది అందు నాలుగవ వంతులు, అనగా 28 పౌనులవి. మూడవది విడి పౌనులు. 112, 28, 10 కలిపిన 150 పౌనులు. మన లెక్కకు 68 కిలోలు. దుకాణదారుని కాటా మీద నిలిపినపుడది 67 కిలోలే తూగెను. మేము కాటాలో మోసమేమో యని అనుమానించితిమి. ఆ వృద్ధుడు నవ్వి, అంచులలో రాలిన చోట్లను, నడుమ గుంటపడిన చోటును చేతితో తడిమి చూపి, "ఇన్నేండ్లు దెబ్బలు తిన్నది గదమ్మా, ఒక కిలో పోదా?" యనెను. ఆ మాట మా చెవిలో నిలిచిపోయెను.

దాగలి మంచిదో చెడ్డదో చూచుటకు ఒక సులభమైన ఉపాయము కలదు. బేరింగులోని ఉక్కు గోళీ నొకదానిని పది అంగుళముల ఎత్తునుండి దానిమీద జారవిడువవలెను. ముఖము గట్టి ఉక్కైనచో ఏడెనిమిది అంగుళములు మరల పైకెగురును. మెత్తనైనచో సగమైన నెగురదు. ఈ పాత సీమ దాగళ్లలో ఒడలు మెత్తని యినుము. పైముఖము మాత్రము దానికి అతికిన ఉక్కు పలక. ఆ పలక సుమారు అర అంగుళము మందమే. దాగలి విలువయంతయు ఆ యర అంగుళములోనే యున్నది. గోళీ నడుమ ఏడంగుళము లెగిరెను. చదరపు కొన కడ నాలుగే యెగిరెను, చప్పుడును బొంగురుగా నుండెను. అచట పలక కొంత వదలిన దన్నమాట. కిలో 200 రూపాయలన్నవాడు ఆ లోపము చూపగా 140కి దిగెను. 9,380 రూపాయలిచ్చి కొంటిమి.

నలుగురు కూలీలు దానిని బండిమీదికెత్తి బస్సు నిలయమునకు చేర్చిరి. అచట సరకుల లెక్కలో కట్టణము చెల్లించి పంపి, మేమును బయలుదేరితిమి. మరునాడు ఆర్మూరులో ఆ బాలుడు ట్రాలీ తెచ్చి దానిని దించుకొనెను. దారిలో కమ్మరిపల్లి వచ్చును. పేరులోనే కమ్మరి యున్నది. దాని చేరువనే కోనసముద్రము. ఇంతదూరము వచ్చి చూడకపోవుట తగదని బండి నటు మరలించితిమి.

ఇప్పుడు చూచువారి కది యొక మామూలు పల్లె. పొలముల గట్లమీద నల్లని యినుపచిట్టెపు ముక్కలు మాత్రము కాలికి తగులును. పూర్వమిచటి కమ్మరులు ఇనుమును మట్టి మూసలలో నుంచి, మూతులు మూసి, బొగ్గుల మంటలో గంటల కొలది కాచి ఉక్కు తీసెడివారు. సర్వే శాఖలో వైద్యుడుగాను భూగర్భ శాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెన్రీ వాయిసీ యను నాంగ్లేయుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసినది, ఆయన మరణానంతరము 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. ఆ యుక్కును కొనుటకు పారశీక వర్తకులు సముద్రము దాటి యీ పల్లెకు వచ్చెడివారట. డమాస్కసు కత్తులని లోకము కొనియాడిన వాటికి దక్షిణదేశపు టుక్కే మూలము. ఐరోపావారు దానిని వూట్జ్ అనిరి. అది మన ఉక్కు శబ్దము నుండియే పుట్టినదని పండితు లనుచున్నారు. అట్టి పల్లె మీదుగా మేమొక సీమ దాగలిని పాత బజారులో కొని తెచ్చుకొనుచుంటిమి. బాలు డొక చిట్టెపు ముక్కను తీసి జేబులో వేసికొనెను.

ఇక దానిని బాగుచేసిన విధము చెప్పవలెను. మొదట జరిగిన తప్పును ముందుగా చెప్పెదము. ఇంటికి చేరగానే బాలుడు గ్రైండింగు మిషను తెచ్చి, ముఖము అద్దమువలె నున్నగా చేసెద ననెను. మేమును అట్లయిన చూడ ముచ్చటగా నుండునని యంటిమి. అరచేతి వెడల్పు అరిగినదో లేదో, లోపలినుండి అతని తల్లి పరుగున వచ్చెను. "ఆపురా! ముఖం అరగదీస్తే యింక ఉక్కు యాడుంటది? గుంటలుంటే ఉండనీ. గుంటల మీద కూడ పని చేసెటోడే కమ్మరి" యని కేకవేసెను. మిషను నిలిచిపోయెను. మా మొగములు చిన్నబోయెను.

ఆమె చిన్న సుత్తె తీసికొని, దాగలి ప్రక్కన కూర్చుండి, ఈ కొన నుండి ఆ కొనకు వ్రేలెడు వ్రేలెడు దూరమున తట్టుచు, చెవి యొగ్గి వినెను. మ్రోత మారిన చోటనెల్ల ముగ్గుపిండితో గీత గీసెను. కొంతసేపటికి ఉక్కు గట్టిగా నంటియున్న చోటేదో, వదలిన చోటేదో పటము వ్రాసినట్లు తేటపడెను. బజారులో గోళీతో మేము చూచిన లోపమును ఆమె చెవితోనే కనుగొని, దాని మేర యెంతయో కూడ చెప్పెను. ముప్పదియేండ్లు ఆమె తిత్తి లాగినది, భర్త చెప్పిన చోట సమ్మెట వేసినది. ఊరిలో నెవ్వరును ఆమెను కమ్మరి యనలేదు. కమ్మరి పెండ్లామనిరి, ఇప్పుడు కమ్మరి తల్లి యనుచున్నారు. మేమును అట్లే యనుచుంటిమి.

ఆమె చెప్పిన జాగ్రత్తలివి. త్రుప్పు పోవలెనని దాగలిని మంటలో వేయరాదు, పదను చచ్చిపోవును. ముఖమును సానపట్టరాదు. రాలిన అంచులను ఆకురాయితో కొద్దిగా గుండ్రము చేసిన చాలును. అంచు మరీ వాడిగా నున్న పెచ్చులూడును. త్రుప్పునకు మందు మాత్రము మా వంటయింటినుండి వెళ్లెను. ఇత్తడి బిందెలు తోమగా మిగిలిన పాత చింతపండు రెండు కిలోలు ఉడికించి, చిక్కని పులుసు చేసి, గోనెగుడ్డలు తడిపి దాగలికి చుట్టితిమి. గుడ్డ లారకుండ పులుసు చల్లుచు మూడు రాత్రు లుంచి, కొబ్బరిపీచుతోను తీగెల కుంచెతోను తోమగా నల్లని మడ్డి కారిపోయి బూడిదరంగు యినుము బయలుపడెను. అంతకు మించి యుంచిన పులుసు ఇనుమునే తినివేయును. పిమ్మట బూడిద నీటితోను వేడినీటితోను కడిగి, తడి లేకుండ తుడిచి, ఎండబెట్టి, ఆముదము పట్టించితిమి.

తుమ్మదుంగ నొకదానిని నేలలో పాతి దానిమీద దాగలిని నిలుపవలసి వచ్చినపుడు, ఎత్తెంత యను ప్రశ్న కలిగెను. నిలిచి చేయి వ్రేలాడవేసిన పిడికిలి కణుపులు దాగలి ముఖమునకు తగులవలెనని లెక్క. బాలుడు పొడగరి, తల్లి పొట్టిది. ఎవరి కొలత? కొలిమిలో చిన్న సుత్తె పట్టినవాడే పెద్ద. అతడు కాలిన యినుమును పట్టుకారుతో త్రిప్పుచు ఎక్కడ తట్టునో అక్కడనే సమ్మెట పడవలెను. బాలుడు కొంత తడవు ఊరకుండి, "సమ్మెట నేను కొడుత. చిన్న సుత్తె నువ్వు పట్టే అమ్మా. నీ కొలతకే పెడదాం" అనెను. ఆమె యేమియు ననలేదు. కొంగు నడుమున దోపుకొని, దుంగ ప్రక్కన నిలిచి, చేయి వ్రేలాడవేసెను. అతడచట గీత పెట్టి దుంగను కోసెను.

కొలిమి రాజుకొన్న నాడు మొదట మా వంతే యనిరి. మేము కత్తిపీటకు అలుగు అడిగితిమి. ఆమె సుత్తె రెండుమారులు మెల్లగా తట్టును. కుమారుని సమ్మెట ఒకమారు బరువుగా పడును. ముగ్గుపిండి గీతకు అవతలి వైపు దెబ్బ యొకటియు పడలేదు.

మా తండ్రిగారు చెప్పిన యర్థమును తప్పని యనజాలము; అది ఆత్మను గూర్చిన మాట. కాని దాగలి మాత్రము నిర్వికారము కాదు. 68 కిలోలలో ఒక కిలో ఎవ్వరికిని తెలియకుండ పోయినది. ఓర్చుకొని యున్నదానికి అరుగుదల లేదని మనమే యనుకొనుచున్నాము. ఇంటిలో నోరు మెదపక పని చేయువారిని గూర్చియు మన మిట్లే యనుకొందుము గదా!

ఈ వానకాలము మా యింట రెండు చోట్ల ఉరిసినది. బిందెలు పెట్టుకొంటిమి. బాలుడు నెలకు వేయి చొప్పున తీర్చుచున్నాడు. వచ్చే యేటికి కప్పు వేయింతుము. సోదరీమణులారా! మీ అటకల మీద, దొడ్లలో పాత సుత్తెలు, పట్టుకారులు, దాగళ్లు ఉన్నచో తూకమునకు అమ్మకముందు ఒకమారు తట్టి వినుడు. మ్రోత తెలియకున్న మీ యూరి కమ్మరి యింటి పెద్దావిడను పిలిచి అడుగుడు. ఆమెకు తెలిసియుండును.