చెప్పులు కుట్టినవారి ఊళ్ళలో ఒక దినం

పోయిన వేసవిలో దేవుని కృపవలన మేము ఇంగ్లండు వెళ్ళి వచ్చాము. మా పెద్దమ్మాయి, అల్లుడుగారు నార్తాంప్టన్ పట్టణంలో కాపురముంటున్నారు. "లండను అందరూ చూస్తారమ్మా, మీరు పల్లెలు చూడండి" అని అమ్మాయి మా ఇద్దరికీ, పదకొండేళ్ళ మనుమడికీ ఒక రోజు యాత్రకు టిక్కెట్లు కొన్నది. పదిమంది పట్టే చిన్న వ్యాను. దాన్ని నడిపే పెద్దాయనే దారి పొడుగునా చరిత్ర చెబుతారు. ఆయన యాస మాకు అందని చోట మనుమడే దుబాసీ.

విలియం కేరీ గారి పేరు సండే స్కూలులో మనమందరమూ విన్నదే. ఆయన పుట్టిపెరిగిన ఊళ్ళను ఇలా చూస్తామని మేము కలలో కూడా అనుకోలేదు.

ముందుగా రోమనుల కాలంనాటి వాట్లింగ్ స్ట్రీట్ అనే పాత బాట పట్టి పాలెర్స్‌పరీ చేరుకున్నాము. దారికి రెండు ప్రక్కలా గోధుమ చేలు, గొర్రెల మందలు. పొలానికీ పొలానికీ మధ్య గట్లకు బదులు దట్టమైన ముళ్ళకంచెలు. ఇండ్లు తేనెరంగు రాతితో కట్టినవి. కొన్నిటికి ఇంకా గడ్డి కప్పులే ఉన్నాయి. మన పూరిండ్లవలె పలచగా కాదు, గడ్డిని మందంగా పేర్చి, పిట్టలు పీకకుండా పైన తీగల వల బిగిస్తారు. "మన ఊరి పాకలే కదా, కాస్త బలిసినవి" అని మేము నవ్వుకున్నాము.

1761 ఆగస్టు 17న కేరీ గారు ఈ ఊరి చివర పరీ ఎండ్ అనే పేటలో పుట్టారు. తండ్రి మొదట మగ్గం నేసేవాడు. తరువాత గుడిలో గుమాస్తాగానూ, బడిపంతులుగానూ పనిచేశాడు. పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. ఆ చోట ఒక జ్ఞాపకపు రాయి మాత్రం ఉన్నది. పిల్లవాడికి మొక్కలన్నా, పురుగులన్నా ప్రాణమట. పొలం పని చేయాలనుకున్నా ఎండ తగిలితే ఒళ్ళంతా మంట పుట్టే చర్మవ్యాధి. అందుచేత పదునాలుగేళ్ళ వయస్సులో చెప్పులు కుట్టే పనికి పెట్టారు. ఎండకు ఓర్వలేని ఆ బాలుడు తరువాత మన దేశపు ఎండలో నలభై ఏండ్లు పనిచేశాడు. దేవుని ఏర్పాట్లు మన లెక్కలకు అందవు.

పని నేర్చుకున్న ఊరు పిడింగ్టన్. దాని ప్రక్కనే హాకుల్టన్. పిడింగ్టన్ గుడి చుట్టూ సమాధి రాళ్ళు నాచు పట్టి ఒరిగిపోయి ఉన్నాయి. 1781 జూన్ 10న ఈ గుడిలోనే కేరీ గారికి డారతీ ప్లాకెట్ అనే ఆమెతో వివాహం జరిగింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏండ్లు నిండలేదు. ఆమె పెద్దది. ఆమెకు చదువు రాదు గనుక పెండ్లి రిజిష్టరులో సంతకానికి బదులు ఇంటూ గుర్తు పెట్టిందని పెద్దాయన చెప్పారు. మా అమ్మలు వేలిముద్ర వేసే దృశ్యం మా కళ్ళలో మెదిలింది.

ఆమె సంగతి మనం సండే స్కూలులో వినలేదు. మొదటి బిడ్డ రెండేండ్లు నిండీ నిండకుండా జ్వరంతో పోయింది. 1793లో భర్త ఇండియాకు వెళ్ళాలన్నప్పుడు ఆమె రానన్నది. నిండు గర్భిణి, పుట్టిన సీమ దాటి ఎరుగనిది. ఆయన పెద్ద కుమారుని మాత్రం తీసుకొని బయలుదేరాడు. ఓడ ఆలస్యమైనందున తిరిగి వచ్చి అడిగినప్పుడు, చెల్లెలు తోడు వస్తే వస్తానని పసిగుడ్డును ఎత్తుకొని కదిలింది. మరుసటి ఏడే బెంగాలులో అయిదేండ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆమెకు మతి చలించింది. బాగుపడలేదు. 1807 డిసెంబరు 8న శ్రీరాంపూరులో కన్ను మూసింది. ప్రక్క గదిలో ఆమె కేకలు వేస్తూ ఉంటే కేరీ గారు తర్జుమా పని చేసుకునేవారని చెప్పుకుంటారు.

మేము ఆ గుడిలో చాలాసేపు కూర్చున్నాము. గొప్పవారి పేర్లు రాళ్ళమీద ఉంటాయి. వారికొరకు నలిగినవారి పేర్లు ఎక్కడ ఉంటాయి? ఆ దినం మేము చేసిన ప్రార్థన డారతమ్మ కొరకే, ఆమెవంటి ఇల్లాండ్ర కొరకే.

మధ్యాహ్నానికి ఓల్నీ చేరుకున్నాము. ఇది ఊజ్ నది ఒడ్డున ఉన్న చిన్న సంతపట్టణం. ఒకప్పుడు ఇక్కడి బీద ఆడవారు, పిల్లలు లేసు అల్లి బ్రతికేవారట. నరసాపురం ఆడపడుచులు గుర్తుకొచ్చారు. దూరం నుండి మొదట కనిపించేది గుడి శిఖరం. ఎత్తు సుమారు 185 అడుగులు. జాన్ న్యూటన్ గారు 1764 నుండి 1780 వరకు ఈ గుడిలో బోధించారు. 'అమేజింగ్ గ్రేస్' పాటను 1773 నూతన సంవత్సరపు ఆరాధన కొరకు ఇక్కడే వ్రాశారు. బజారులో ఆయన స్నేహితుడైన కౌపర్ కవి ఇల్లు 1900 నుండి మ్యూజియంగా ఉన్నది. మనసు కృంగినప్పుడు ఆ కవి మూడు కుందేళ్ళను పెంచుకొని ఊరట పొందాడని తెలిసి మా మనుమడికి ఆ ఇల్లు ఎంతో నచ్చింది.

న్యూటన్ గారి సమాధి గుడి ఆవరణలోనే ఉన్నది. లండనులో పాతిపెట్టిన అస్థికలను 1893లో ఇక్కడికి తెచ్చారు. ఆయన ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్. తుఫానులో దేవునికి మొఱ్ఱపెట్టిన తరువాత కూడా కొన్నేండ్లు ఆ వ్యాపారమే చేశాడు. దానిని బహిరంగంగా ఖండిస్తూ పుస్తకం వ్రాసింది 1788లో. అనగా కన్నులు పూర్తిగా తెరుచుకోవడానికి నలభై ఏండ్లు పట్టింది. మారుమనస్సు ఒక్క రాత్రిలో ముగిసే పని కాదని అక్కడ నిలబడి తెలుసుకున్నాము.

చివరి ఊరు మోల్టన్. కేరీ గారు 1785లో ఇక్కడికి వచ్చి, పగలు బడి చెబుతూ, చెప్పులు కుడుతూ, బాప్టిస్టు సంఘానికి కాపరిగా ఉన్నారు. ఆయన నివసించిన చిన్న ఇల్లు ఇంకా నిలిచి ఉన్నది. పని చేసుకునే గోడకు కాగితాలు అతికించి పెద్ద ప్రపంచపటం తగిలించి, ఏ దేశంలో ఎందరున్నారో, వారి మతమేమిటో దానిమీద వ్రాసుకునేవారు. లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు ఆ పనిపీట మీదనే నేర్చుకున్నారు.

ఇంటి బయట ఒక రాతి తొట్టి ఉన్నది. "ఇదేంటి తాతయ్యా?" అని మనుమడు అడిగాడు. తోలు నానబెట్టే తొట్టి అని గైడుగారు చెప్పకముందే మాకు తెలిసిపోయింది. అది లంద. మా ఇద్దరి తాతలూ ప్రకాశం జిల్లాలో తోలు పని చేసినవారే. లంద వాసన, ఆరె, రంపె, మోట బావికి కుట్టిన తోలు బొక్కెనలు మాకు చిన్నప్పుడు తెలిసినవే. చదువుకొని, ఉద్యోగాలు వచ్చి, పట్నం చేరిన తరువాత ఆ మాట మా నోటివెంట రాలేదు. ఎవరైనా అడిగితే "వ్యవసాయం" అనేవాళ్ళం. మా పిల్లలకు కూడా చెప్పలేదు. ఎందుకో మీలో చాలామందికి తెలుసు.

ఇండియాలో ఒక పెద్ద విందులో ఎవరో కేరీ గారిని తక్కువచేసి "ఈయన చెప్పులు తయారు చేసేవాడు కాడా?" అన్నప్పుడు, ఆయన సిగ్గుపడక, తయారు చేసేవాణ్ణి కూడా కాదు, పాతవి బాగుచేసేవాణ్ణి అని జవాబిచ్చారట. ఆయనకు లేని సిగ్గు మాకెందుకు? ఆ తొట్టి అంచుమీద చేయి వేసి మనుమడికి అంతా చెప్పాము. తోళ్ళ వర్తకుడైన ఎర్రగుంట్ల పేరయ్య గారి సంగతీ, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లిలో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతీ, అటువంటివారిలో మా పెద్దలూ ఉన్నారనీ చెప్పాము. వాడు కాసేపు ఆలోచించి, "మరి అమ్మకు తెలుసా?" అన్నాడు. ఆ రాత్రి అమ్మకు కూడా చెప్పాము. అమ్మాయి ఏడ్చింది. "ఇన్నాళ్ళూ ఎందుకు దాచారు?" అని మాత్రమే అడిగింది.

ఆ పనిపీట నుండి లేచిన మనిషే 1814లో తెలుగు వ్యాకరణం ప్రచురించారు. 1812లో శ్రీరాంపూరు ముద్రాశాల కాలిపోయి వ్రాతప్రతులు, అచ్చులు బూడిదైనా మరల మొదలుపెట్టి, పండితుల సహాయంతో 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చువేశారు. మనం నేడు చదివే అనువాదం తరువాతి వారిది. అయినా మన భాషకొరకు చెమటోడ్చినవారిలో ఒకరు ఈ మోల్టన్ చెప్పులు కుట్టినవారే. 1834లో శ్రీరాంపూరులో చనిపోయేవరకు ఆయన ఈ పచ్చని ఊళ్ళను తిరిగి చూడలేదు. మేము ఆయనకు బదులుగా చూసి వచ్చాము.

ప్రియ పాఠకులారా, ఇంగ్లండు వెళ్ళడం అందరికీ కుదరదు. కాని మీ ఇంటిలో ఒక పాత ఆరె, ఒక మగ్గపు నాడె, ఒక కొడవలి ఉండే ఉంటుంది. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత దానిని పిల్లల చేతిలో పెట్టండి. అది ఎవరిదో చెప్పండి. డారతమ్మవంటి మీ అమ్మమ్మల పేర్లు కూడా చెప్పడం మరువకండి.