కేళీ

మామూలుకు భిన్నమైనదాన్ని తెలుగులో వింత అనవచ్చు, విడ్డూరం అనవచ్చు, అపురూపమనీ అనవచ్చు. విడ్డూరంలో కొంచెం దెప్పు ఉంటుంది, అపురూపంలో మెప్పు. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే మిర్యాలగూడ వైపు పొలం మాటలకు ఇంత మొహమాటం లేదు. గింజ నిండనిది తాలు, మిల్లులో విరిగింది నూక.

అన్నిటికన్నా కచ్చితమైన మాట కేళీ. బెరుకు అనీ అంటారు. విత్తనం కోసం వేసిన మడిలో ఎత్తులోనో, ఆకు రంగులోనో, పూత కాలంలోనో, గింజ ఆకారంలోనో తేడాగా కనిపించే మొక్క అది. పూతకు ముందు, పూతలో, కోతకు ముందు పొలమంతా తిరిగి దాన్ని పీకేయాలి. ధ్రువీకరణ విత్తన పంటలో కేళీలు 0.2 శాతం, మూలవిత్తన పంటలో 0.05 శాతం మించకూడదు. విత్తనోత్పత్తికి ఈ పట్టింపు తప్పదు.

కానీ కేళీ అన్నది తీర్పు కాదు, గుర్తింపు మాత్రమే. 1983లో మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే, పటేల్-3 రకం చేలో తేడాగా కనిపించిన కంకులను పారేయకుండా దాచి, ఏటా వేరుగా వేసి చూశాడు. తెలంగాణ దుకాణాల్లో హెచ్‌ఎంటీ పేరుతో అమ్మే సన్నబియ్యం రకం పుట్టింది అక్కడే. ఆ పేరు మాత్రం చేతిగడియారానిది.