కాలువ వెంట కడప దాకా

కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి చీలిన కాలువ ఒకటి కడప వరకు ప్రవహిస్తుంది. పేరులోనే రెండు ఊళ్ళనూ కలుపుకొన్నది కర్నూలు-కడప కాలువ. జనం నోట అది కె.సి. కెనాల్. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఆంగ్లేయుల సంస్థ దీనిని తవ్వించింది. ఒకవైపు పడవలు నడపాలనీ, మరోవైపు పొలాలకు నీరు అమ్మి లాభం గడించాలనీ వారి ఆలోచన. రైతులు ఆశించినంతగా నీరు కొనలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. చివరకు 1882లో ప్రభుత్వమే దానిని కొనుగోలు చేసింది. లాభం కోసం తవ్విన కాలువ లాభం ఇవ్వకపోయినా, తవ్వినవారు వెళ్ళిపోయాక కూడా ఈ మెట్టసీమకు అన్నం పెడుతూనే ఉంది.

నా భార్య పుట్టిల్లు కడప. కర్నూలులో కాలువ వంతెన దాటే ప్రతిసారీ ఆమె, "ఈ నీళ్ళు మనకంటే ముందు మా అమ్మ దగ్గరికి పోతాయి" అనేది. ఆమె అల్లాహ్ సన్నిధికి చేరి రెండేళ్ళు దాటింది. మాకు ఇద్దరు కుమారులు. పెద్దవాడికి ఇరవై నిండాయి, చిన్నవాడు ఇంటర్ రెండవ సంవత్సరం. కడపలో వారి అమ్మమ్మ ఒక్కతే ఉంది. మంచం దిగలేని ఆ పెద్దావిడ మనవలను చూడాలని కబురు పెట్టగా, గత శీతాకాలంలో ముగ్గురం బయలుదేరాము. బంధువుల కారు తీసుకున్నాము. పెద్దవాడు నడిపాడు. నేను అతని పక్కన, చిన్నవాడు వెనుక.

ఈ వివరం చెప్పడానికి ఒక కారణం ఉంది. ముఖాముఖి కూర్చున్నప్పుడు మా మధ్య మాట సాగదు. దస్తర్‌ఖాన్ ముందు కూర్చుంటే సలాముతో మొదలై, నమాజు చదివారా అనే ప్రశ్నతో, పరీక్షలు ఎప్పుడనే మరో ప్రశ్నతో ముగుస్తుంది. వారు సమాధానం చెబుతారు, వినయంగానే చెబుతారు. కానీ అది మదరసాలో హాజరు పిలిచినట్టు ఉంటుంది. వారి తల్లి ఉన్నన్నాళ్ళూ నా మాట వారికీ, వారి మాట నాకూ ఆమె ద్వారా చేరేది. మన ఇళ్ళలో చాలాచోట్ల ఇదే ఏర్పాటు. తండ్రి కోపం తల్లి నోట సగమై పిల్లలకు చేరుతుంది. పిల్లల కోరిక తల్లి నోట విన్నపమై తండ్రికి చేరుతుంది. ఆ మనిషి లేచిపోతే ఒకే కప్పు కింద రెండు భాషలు మిగులుతాయి. కారులో మాత్రం ముగ్గురి చూపూ రోడ్డు మీదే. ఎవరి ముఖం ఎవరూ చూడనవసరం లేదు.

ఫజ్ర్ తర్వాత హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్ దగ్గర కాసేపు ఆగాము. బీజాపూర్ సుల్తానుల తరఫున కర్నూలును పాలించిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి అది. 1618 నాటి కట్టడం. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలును ముంచెత్తిన సంగతి మా ఊరి వారెవరూ మరచిపోలేరు. ఆ వరద నాటికి పెద్దవాడు ఇంకా చిన్నపిల్లవాడు. వాడిని భుజాన వేసుకుని, పుస్తకాల సంచి తలమీద పెట్టుకుని మిద్దె ఎక్కిన విషయం చెప్పాను. "పుస్తకాలు కూడానా?" అని చిన్నవాడు వెనుక నుంచి నవ్వాడు. హదీసు గ్రంథాలు అవి, ఎలా వదలను? ఆ సంచిని అసలు మోసింది వారి తల్లి అని కూడా చెప్పాను. ఆ తర్వాత ఓర్వకల్లు బండరాళ్ళు దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. అయినా అది బరువైన మౌనం కాదు.

నంద్యాలలో ఉగ్గాని, బజ్జీ తిన్నాము. రాయలసీమవాసికి ఉదయం వేళ ఇంతకు మించిన భోజనం లేదని నా అభిప్రాయం, వాదనకు సిద్ధమే. నానబెట్టిన బొరుగులు, పైన పప్పుల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. చిన్నవాడు రెండు ముద్దలు తిని, "పొడి తక్కువైంది. అమ్మీ చివర్లో, పొయ్యి ఆర్పేశాక వేసేది" అన్నాడు. ఆదివారాలు ఇంట్లో ఉగ్గాని చేసేది ఇప్పుడు నేనే. మరి నేను చేసేది ఎలా ఉంటుందని అడిగాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "ఉల్లిగడ్డ ఎక్కువ అబ్బా" అన్నాడు పెద్దవాడు. రెండేళ్ళుగా కిమ్మనకుండా తిన్నారన్నమాట! నాకు నవ్వు వచ్చింది, వారికీ వచ్చింది.

నంద్యాల నుంచి కడపకు ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా వెళ్ళడం తిన్నని దారి. మేము కాలువను విడిచి కోవెలకుంట్ల వైపు మళ్ళాము. చిన్నవాడు గండికోట చూడాలన్నాడు. ఆ దారి అంతా నల్లరేగడి. కంటికి ఆనినంత మేర శనగ, జొన్న. ఈ కోవెలకుంట్లలోనే 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీ ప్రభుత్వం ఉరితీసింది. జమ్మలమడుగు దాటాక నేల రంగు మారుతుంది. నల్లమట్టి పోయి ఎర్రని రాయి వస్తుంది. ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్న పారే లోయ అంచున గండికోట ఉంది. లోపల మాధవరాయ, రంగనాథ ఆలయాలు, ధాన్యాగారం, జైలు, వాటి మధ్య రెండు మినార్ల జామియా మసీదు. లోయ అంచుకు వెళ్ళి కిందికి చూస్తే, అంత రాయిని కోసింది ఆ సన్నని నీరేనా అని మనసు నమ్మదు. సృష్టికర్త పనితనం ముందు మనిషి కోటలు ఏపాటివి!

ఆ మసీదు గోడ నీడలో కూర్చుని నేను మీర్ జుమ్లా కథ చెప్పాను. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో నూనె వ్యాపారి ఇంట పుట్టి, వజ్రాల వ్యాపారిగా గోల్కొండ చేరి, అబ్దుల్లా కుతుబ్ షాకు వజీరు అయిన మనిషి. ఈ కోటను పట్టుకున్నాడు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1652లో అతనిని ఇక్కడే కలుసుకున్నాడు. తండ్రి కర్ణాటక దేశాలు జయిస్తూ ఉండగా, కుమారుడు ముహమ్మద్ అమీన్ గోల్కొండ రాజధానిలో ఉండేవాడు. తండ్రి సంపద చూసుకుని ఆ యువకుడు దర్బారులో హద్దుమీరి ప్రవర్తించాడని చరిత్రకారులు రాశారు. 1655 నవంబరులో కుతుబ్ షా అతనిని కుటుంబంతో సహా ఖైదు చేశాడు. ఆ సాకుతో ఔరంగజేబు సేనలు 1656 ఆరంభంలో హైదరాబాదు మీద పడ్డాయి. మీర్ జుమ్లా మొగలుల కొలువులో చేరిపోయాడు. ఒక కొడుకు నడవడి ఒక రాజ్యాన్ని ఎంత కదిలించిందో చూడండి అని ముగించాను. మదరసాలో అలవాటైన ముగింపు అది.

పెద్దవాడు గడ్డిపరక తుంచుతూ అన్నాడు: "అబ్బా, ఆ కొడుకు మాట పుస్తకాల్లో ఏమైనా ఉందా? అందరూ అతని గురించి రాశారు. అతన్ని ఎవరైనా అడిగారా?"

సమాధానం వెంటనే తోచలేదు. తోచకపోవడమే మంచిదైంది. ఆ ప్రశ్న మీర్ జుమ్లా కొడుకు గురించి మాత్రమే కాదని కొంత గ్రహించాను.

ఇక్కడ పాఠకులతో ఒక పదం గురించి చెప్పుకోవాలి. అరబీలో కుమారుడిని ఇబ్న్ అంటారు. దానికి ముద్దుగా, చిన్నదిగా చేసి పలికే రూపం బునయ్య. తెలుగులో చిట్టి నాయన, బుజ్జి తండ్రి అంటామే, అలాంటిది. దివ్య ఖుర్ఆన్‌లో ఈ పిలుపు ఆరు చోట్ల వస్తుంది. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారుడిని మూడుసార్లు అలా పిలిచారు. హజ్రత్ యాఖూబ్ (అలై) కల చెప్పిన బాల యూసుఫ్‌ను అలా పిలిచారు. ఇవి తేలికగా అర్థమవుతాయి. మిగిలిన రెండే నన్ను ఆపుతాయి. హజ్రత్ నూహ్ (అలై) ఆ పిలుపు పిలిచింది పెరిగి పెద్దవాడై, తండ్రిని కాదని కొండెక్కుతానన్న కొడుకును. తుఫాను మధ్య, చివరి క్షణంలో కూడా ఆ తండ్రి నోట వచ్చింది ఆ ముద్దు మాటే. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) ఆ పిలుపుతో ఒక ప్రశ్నను జోడించారు. తనకు వచ్చిన దైవాజ్ఞను వివరించి, నీ అభిప్రాయం ఏమిటో చూసి చెప్పు అన్నారు. ఆజ్ఞ అల్లాహ్‌ది, అందులో సందేహం లేదు. అయినా కొడుకును అడిగారు.

మదీనాలో హజ్రత్ అనస్ (రజి) సుమారు పదేళ్ళ వయసులో దైవప్రవక్త (స) సేవలో చేరి, పదేళ్ళు అక్కడే పెరిగారు. అంటే సరిగ్గా మన పిల్లలు మనకు అంతుపట్టకుండా పోయే వయసు. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన విసుక్కోలేదనీ, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని నిలదీయలేదనీ అనస్ (రజి) స్వయంగా చెప్పారు. ఆ యువకుడిని కూడా ప్రవక్త (స) బునయ్య అనే పిలిచారు. ఈ హదీసులను ప్రతి ఏడూ పాఠం చెబుతాను. గండికోటలో అవి పుస్తకం నుంచి కాక ఎదుట కూర్చున్నవాడి నుంచి గుర్తుకు వచ్చాయి.

"నిన్ను అడుగుతున్నాను నాయనా. నీ ఆలోచన ఏమిటి?" అన్నాను.

తాను కువైట్ వెళ్ళాలనుకుంటున్నానని అతను చెప్పాడు. ఇందులో వింత లేదు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్ దారి పట్టని వీధి అరుదు. మిద్దెలు లేచాయి, అప్పులు తీరాయి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు జరిగాయి. తండ్రి ముఖం వీడియోలో తప్ప చూడని పిల్లలూ పెరిగారు. రాయచోటి స్నేహితుడు ఒకడు డ్రైవరు పని చూస్తానన్నాడట. డిగ్రీ చివరి ఏడాది ముగియగానే వెళ్ళాలని ఆలోచన. నెలల నుంచి మనసులో ఉందట. నా నోటి దాకా వచ్చిన అభ్యంతరాలు పది ఉన్నాయి. అన్నింటికంటే ముందు, ఎందుకు చెప్పలేదనే నిలదీత ఒకటి ఉంది. దానిని అక్కడే మింగాను. బదులుగా, అక్కడ నీకు దేనికి భయం అని అడిగాను.

చాలాసేపు లోయలోకి చూశాడు. "మా ఫ్రెండ్సంతా అక్కడి నుంచి రాత్రిపూట అమ్మలకే ఫోన్ చేస్తారు. అబ్బాకు సలాం చెప్పమంటారు, పెట్టేస్తారు. నేను ఎవరికి చేయాలి అబ్బా?"

చిన్నవాడు ఫోటోలు తీయడం ఆపేశాడు.

గండికోట నుంచి ప్రొద్దుటూరు, మైదుకూరు మీదుగా కడప దారి పట్టాము. ఆ దారిలో ఊళ్ళ గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, నేను చూడలేదు. మైదుకూరు దగ్గర చిన్నవాడు వెనుక నుంచి, "కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక" అన్నాడు. ఫోనులో చూసినట్టున్నాడు. అలా లెక్క మొదలైంది. ఇక్కడ ఇషా నమాజు అయి నేను ఇల్లు చేరేసరికి అక్కడ సాయంత్రం. అప్పుడు అతను డ్యూటీలో ఉంటాడు. అతను గది చేరి వండుకుని తినేసరికి ఇక్కడ అర్ధరాత్రి. అంతసేపు మీరు మేలుకోలేరు అన్నాడు. తహజ్జుద్‌కు లేచేవాడిని, ఆ వేళకు లేవగలను అన్నాను. "అప్పుడు నేను నిద్రపోతుంటాను అబ్బా." ముగ్గురం వేళ్ళు మడిచి లెక్కలు వేసి, చివరకు ఫజ్ర్ తర్వాత, అక్కడ ఇంకా చీకటి ఉండగానే అతను పనికి బయలుదేరే ముందు అనుకున్నాము. ఏమి మాట్లాడతాము అని చిన్నవాడు అడిగాడు. ఉగ్గాని ఎలా కుదిరిందో చెబుతాను అన్నాను.

వెళ్ళమని నేను ఇంకా అనలేదు. వెళ్ళవద్దనీ అనలేదు. డిగ్రీ పూర్తి కావాలి, ఆ పని కాగితాలు నిజమైనవో కావో విచారించాలి, ఇస్తిఖారా చేయాలి. ఈ మూడూ అతనే ఒప్పుకున్నాడు.

చెన్నూరు దగ్గర పెన్న వంతెన దాటేసరికి మగ్రిబ్ అయింది. రోడ్డు పక్కన దుప్పటి పరచి, ఇమామత్ చేయమని పెద్దవాడిని ముందుకు జరిపాను. ఇంట్లో, ప్రయాణంలో ఇన్నేళ్ళూ నేనే నిలబడేవాడిని. అతను కొంత తటపటాయించి నిలబడ్డాడు. చిన్న సూరాలే చదివాడు. వాటిని వారిద్దరికీ నేర్పింది తల్లి, నేను మదరసాలో ఇతరుల పిల్లలకు నేర్పుతున్న వేళల్లో. ఒక అక్షరాన్ని కడప పద్ధతిలో కొంచెం సాగదీసి పలికే అలవాటు ఆమెది. తజ్వీద్ ప్రకారం సరిచేయదగినదే. వెనుక నిలబడి ఆ అక్షరం విన్నాను. సలాం తిప్పాక కూడా దానిని సరిచేయలేదు.

కడప చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. అత్తగారింటి ముందు నాపరాళ్ళ అరుగు మీద ఎవరో కుర్చీ వేసి పెట్టారు. పెద్దావిడ మంచం మీదనే చేతులు చాచి, పిల్లలిద్దరి ముఖాలూ తడిమి, దారిలో ఏమి తిన్నారని అడిగింది. ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు.